ఊరి రేడియో, ఉప్పెన వార్త

సముద్రతీరమున నివసించువారికి గాలివాన యనగా నేమో యొకరు చెప్పనక్కరలేదు. మన కృష్ణా డెల్టా పల్లెలలో నడివయసు దాటినవారు 'ఉప్పెన' యను మాటను ఒక తిథివలె వాడుదురు. ఫలానావాడు ఉప్పెనకు ముందు పుట్టినవాడు, ఫలానా పెండ్లి ఉప్పెన తరువాతి యేడు జరిగినది, అని లెక్కింతురు. ఇట్టి చోటనున్న మన ఉన్నత పాఠశాల వార్షిక సంచికలో విద్యయొక్క ఆవశ్యకతను గూర్చియు, కాలముయొక్క విలువను గూర్చియు ఏటేట వ్యాసములు వెలువడుచునే యున్నవి. అవి మంచివే. అయినను ఈ సంవత్సరము నేను అంతకంటె తక్కువ గంభీరమైన వస్తువును గూర్చి, అనగా ఒక చిన్న రేడియో కేంద్రమును గూర్చి వ్రాయదలచితిని.

అసలు సంగతిని దాచి చెప్పుట నాకు చేతగాదు. మన పూర్వవిద్యార్థులు పాఠశాలకు శాశ్వతమైన కానుక యేదైన నీయవలెనని కొంత ధనము కూర్చుచున్నారు. దానితో ఎత్తైన సింహద్వారమును కట్టింపవలెనని పెక్కుమంది కోరిక. నా యభిప్రాయము వేరు. ఆ ధనముతో, చుట్టుపట్ల పది పదునైదు కిలోమీటర్ల మేర వినవచ్చునట్టి యూరి రేడియోను ఇక్కడ నెలకొల్పవలెననియు, గాలివానలకును వరదలకును జనులను ముందుగ సిద్ధపరచుటయే దాని ముఖ్యమైన పనిగా నుండవలెననియు నేను తలంచుచున్నాను. ద్వారమును కోరువారు నాపై కోపింపక యీ కొన్ని పుటలను ఓపికతో చదువ ప్రార్థన.

మన తీరముయొక్క చరిత్రయే యిందులకు మొదటి సాక్షి. 1864 నవంబరు 1వ తేదీని బందరుపై బడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మృతినొందిరని చరిత్ర చెప్పుచున్నది. ఆనాడు తుపాను రాకను కనిపెట్టి చెప్పు ప్రభుత్వశాఖ మన దేశమున నింకను పుట్టలేదు. భారత వాతావరణ శాఖ 1875లో గాని యేర్పడలేదు. కాబట్టి ఆనాటి వారిని తెలియనివారని క్షమింపవచ్చును. 1977లో స్థితి అట్లుండలేదు. వాతావరణ శాఖ నూరేండ్ల వయసుగలదై యుండెను. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనుండియే పలుకుచుండెను. పల్లెలలో పంచాయతీ కచేరీ మీద గొట్టము బిగించి సాయంకాలము రేడియో వినిపించుట అందరెరిగినదే. అయినను 1977 నవంబరు 19వ తేదీ శనివారమునాడు సముద్రము ఇంచుమించు 5 మీటర్ల యెత్తున లేచి, పది కిలోమీటర్లకు మించి లోనికి చొచ్చుకొనివచ్చి, దివిసీమను ముంచివేసెను. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప వంటి పల్లెల పేర్లు ఆంధ్రదేశమంతటికిని ఆనాడే తెలిసెను. మృతులు పదివేలమంది ప్రాంతము. పశువులు లక్షలకొలది పోయినవి. తాటిచెట్ల నెక్కి పట్టుకొన్నవారును, గట్టి కట్టడములలో తలదాచుకొన్నవారును మిగిలిరి.

గాలివాన వచ్చునన్న వార్త వారికి అసలే తెలియదనుట సరికాదు. తుపాను హెచ్చరికలు రేడియోలో వినవచ్చినవి. అయితే వారు విన్నది 'తుపాను' అను మాట. ఆ మాటకు మన రైతు మనస్సులో నున్న యర్థమేమి? గాలి, వాన, ఎగిరిన పాక కప్పు, పడిన అరటితోట, నేలవ్రాలిన వరిచేను. రెండు దినములు తలుపు మూసికొని కూర్చున్నచో గడచిపోవును. సముద్రము లేచి ఊరిలోనికి నడచి వచ్చునని ఆ మాటలో లేదు. ఈ వ్యత్యాసమును చెప్పగలవాడు విజయవాడలో లేడు, ఢిల్లీలో అంతకన్న లేడు. ఆ యూరి కరకట్ట యెంత యెత్తో, ఏటిమొగకును ఆ యూరికిని నడుమ నెంత దూరమో ఎరిగినవాడు మాత్రమే చెప్పగలడు.

ఇక్కడ ఓడరేవు సంకేతములను గూర్చి ఒక మాట. గాలివాన వచ్చినప్పుడెల్ల 'బందరు రేవులో మూడవ నంబరు ప్రమాద హెచ్చరిక' యని మనము వినుచుందుము. విని తలయూపుదుము. ఈ నంబరులు ఒకటి మొదలు పదునొకండు వరకు కలవు. మూడును నాలుగును రేవునకు ఈదురుగాలి సోకునని తెలుపును. ఐదు మొదలు ఏడు వరకు ప్రమాదము, ఎనిమిది మొదలు పది వరకు మహాప్రమాదము. పదునొకండవది యన్నిటికంటె విచిత్రమైనది: వాతావరణ కేంద్రముతో వార్తాసంబంధమే తెగిపోయినదని దాని యర్థము. ఇవన్నియు ఓడలను నడుపువారికొరకు యేర్పడిన గుర్తులు. ఓడ కప్తానునకు అవి చాలును. నాగాయలంక యవతల మడ అడవి ప్రక్కన పాక వేసికొన్న కుటుంబమునకు మూడునకును పదికిని గల భేదమేమి తెలియును? 'ఇంకను మూడే గదా, పది వచ్చినప్పుడు చూతము' అని యనుకొనుట సహజము. పది వచ్చునప్పటికి దారి మునిగియుండును. నేలమీది మనుష్యునకు ఓడ భాషలో హెచ్చరిక చెప్పుట మాని, నేలభాషలో చెప్పవలసియున్నది.

ఈ తెలివి మనకంటె ముందుగ బంగాళాఖాతమునకు ఆవలి యొడ్డువారికి గలిగెను. 1970 నవంబరు 12వ తేదీని, నేటి బంగ్లాదేశమున భోలా ద్వీపప్రాంతముమీద బడిన తుపానులో మూడులక్షలమందికి తక్కువగాక మరణించిరి. అక్కడను రేడియో మూగవోలేదు. వార్త విన్నవారు పెక్కురుండిరి, కదలినవారు మిక్కిలి తక్కువ. ఆ దారుణము తరువాత అక్కడి ప్రభుత్వమును రెడ్‌క్రాస్ వారును కలిసి ఒక స్వచ్ఛంద సేవకుల దళమును కూర్చిరి. సేవకునికి ఇచ్చిన ఆయుధములు ఇవి: ఒక ట్రాన్సిస్టరు రేడియో, ఒక చేతి గొట్టము, చేతితో త్రిప్పు సైరను, జెండాలు. అతడు రేడియోలో వినును. విన్నదానిని తన పల్లెవారి మాటలో తర్జుమా చేసి, గొట్టములో అరచుచు ఇల్లిల్లు తిరుగును. ఇప్పుడట్టివారు డెబ్బది వేలకు పైగా నున్నారు. ఇది యొక్కనాటిలో ఫలించినది కాదు. 1991లో మరల లక్షకు పైగా జనము మడిసిరి, ఏలయన తలదాచుకొనుటకు చాలినన్ని గట్టి కట్టడములు లేకపోయెను. కట్టడములును పెరిగిన తరువాత, 2007లో వచ్చిన సిద్ర్ తుపానునందు మృతులు మూడువేల చిల్లర. అదియు తక్కువ సంఖ్య కాదు. అయినను మూడు లక్షలెక్కడ, మూడు వేలెక్కడ!

ఆ సేవకుడు మనకు క్రొత్తవాడా? కాడు. మన యూళ్లలో టముకు వేయువాడు అతడే. నాలుగు వీధుల కూడలిలో నిలిచి 'ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు' అని మొదలుపెట్టి, సంగతి యేమో ముక్కుసూటిగ చెప్పి, అర్థముగానివానికి ఆగి మరల చెప్పి పోవును. ఎవరి యింట బాలింత యున్నదో, ఎవరికి చెవుడో అతనికి తెలియును. నేను కోరు ఊరి రేడియో ఆ టముకునకు తోబుట్టువు మాత్రమే. దానికి కొంచెము గొంతు పెరిగినది.

మన తీరమున ప్రభుత్వము ఏమియు చేయలేదనుట కృతఘ్నత. 1977 తరువాత తుపాను షెల్టర్లు లేచినవి. ఉపగ్రహము ద్వారా తీరప్రాంతపు కచేరీలకు నేరుగ తెలుగున హెచ్చరిక చేర్చు యంత్రములు 1980ల దశకమున వచ్చినవి. 1990 మే 9వ తేదీని కృష్ణ సాగరమున గలియు చోటికి చేరువగ తీరము దాటిన పెనుతుపాను బలమున 1977 నాటిదానికి తీసిపోయినది కాదు. కాని ఆరులక్షలకు పైగా జనమును ముందే తరలించినందున మృతుల సంఖ్య వేయికి లోబడెను. కాని 1996 నవంబరు 6వ తేదీని కోనసీమలో మరల వేయిమందికి పైగా పోయిరి. వారిలో చేపల వేటకు పోయి తిరిగి రానివారు పెక్కురు. కచేరీలోని యంత్రమునకు వార్త చేరుటయు, నడిసముద్రమునందలి పడవకు వార్త చేరుటయు ఒకటి కావని ఆనాడు తేలినది.

వార్త పుట్టుటకును వార్త చేరుటకును నడుమనున్న యగాధమును 2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారము మరింత స్పష్టముగ చూపెను. సుమత్రాదీవి యొద్ద భూమి కంపించిన తరువాత సునామీ మన తీరమును తాకుటకు రెండు గంటలకు పైగా పట్టెను. రెండు గంటలు! ఒక పల్లె జనమంతయు నడచి దూరముగ పోవుటకు చాలిన కాలము. ఆ రెండు గంటలలో తమిళనాటి తీరముననైనను మన మంగినపూడి యొద్దనైనను స్నానము చేయువారికి చెప్పినవారు లేరు. ఇప్పుడు హైదరాబాదునందు సునామీ హెచ్చరిక కేంద్రము 2007 నుండి పనిచేయుచున్నది. సముద్రగర్భమున భూకంపము వచ్చిన కొలది నిమిషములలో అక్కడివారికి తెలియును. ఆ తెలిసినది హంసలదీవి యిసుకమీద వలలు బాగుచేయుచున్నవానికి ఎట్లు తెలియవలెననునదే నా ప్రశ్న.

అదేనాడు పుదుచ్చేరి చెంత నల్లవాడు అను జాలరి పల్లె తప్పించుకొన్న తీరు నాకు మిక్కిలి విలువైన పాఠముగ దోచును. ఆ యూరివాడొకడు సింగపూరున పనిచేయుచుండెను. అక్కడ వార్త విని యింటికి ఫోను చేసెను. ఇంటివారు ఊరి సమాచారకేంద్రమునకు పరుగెత్తిరి. ఆ కేంద్రమును యం.యస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు నెలకొల్పియుండిరి. అందు మైకును, ఊరంతటికి వినవచ్చు గొట్టములును ఉండెను. తలుపు పగులగొట్టి లోనికి పోయి, 'సముద్రము వచ్చుచున్నది, పొండు' అని చాటిరి. దాదాపు 3,600 మంది గల పల్లె ప్రాణములతో బయటపడెను. విన్నవారు ఫోను మహిమను మెచ్చుకొందురు. నేను ఆ గొట్టములను మెచ్చుకొందును. ఏలయన అవి ఆనాటికి మాత్రమే బిగించినవి కావు. సముద్రముమీద అలల యెత్తెంత, గాలి యెటు వీచుచున్నది, చేపల ధర యేమి, ఇట్టివి అవి దినదినము చెప్పుచుండెను. జనులకు ఆ గొంతు పరిచితము. ఆ గొంతు చెప్పినది నిజమగునని మరుసటిదినము సముద్రముమీద తామే చూచుకొనుచుండిరి. అట్టి గొంతు 'పరుగెత్తుడు' అన్నప్పుడు ఎవరును 'ఎందుకు?' అని నిలువలేదు.

ఊరి రేడియోను గూర్చి నేను చెప్పదలచిన దానిలో సగము ఇందులోనే యున్నది. ఆపదనాడు మాత్రమే నోరు తెరచు యంత్రమును జనులు నమ్మరు. అది పది నెలలు పురుగుమందుల సంగతియు, రొయ్యల ధరయు, కాలువకు నీరు విడుచు తేదీయు, పదవ తరగతి పరీక్షల పట్టికయు చెప్పి, చెప్పినవి సరియైనవని అనిపించుకొన్న తరువాత గదా, పదునొకండవ నెలలో 'ఇల్లు విడువుడు' అనుటకు దానికి హక్కు గలుగును! రేడియో మాటకు పల్లెలలో గల విలువకు ఒక మంచి నిదర్శనము కలదు. 1960ల దశకమున తంజావూరు జిల్లా రైతులు ఆడుతురై 27 అను క్రొత్త వరివంగడమును గూర్చి తిరుచిరాపల్లి రేడియోలో విని, నమ్మి, నాటి, దానికి 'రేడియో వరి' యని పేరు పెట్టిరి. విత్తనము మార్చుటకు రైతు ఎంత వెనుదీయునో మన విద్యార్థుల తండ్రులకు నేను చెప్పనక్కరలేదు. విత్తనమునకే నమ్మినవారు ప్రాణమునకు నమ్మరా?

ఇక, పాఠశాలకు రేడియో యేమిటి, అది సర్కారు పని గదా యనువారున్నారు. ఆకాశతరంగములు ప్రజల సొత్తనియు, ఏ యొక్కరి గుత్తయు కాదనియు 1995 ఫిబ్రవరి 9వ తేదీని సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. పిమ్మట విద్యాసంస్థలకును, 2006 నుండి గ్రామములలో పనిచేయు సేవాసంస్థలకును చిన్న రేడియో కేంద్రములు పెట్టుకొన ననుమతి నిచ్చుచున్నారు. సాధారణముగ 100 వాట్ల బలము, ముప్పది మీటర్లకు మించని స్తంభము. తెలంగాణమున జహీరాబాదు ప్రాంతమునందలి మాచునూరులో 2008 అక్టోబరు 15వ తేదీనుండి సంఘం రేడియో పలుకుచున్నది. దానిని నడుపుట మొదలుపెట్టినవారు పట్టాలు పుచ్చుకొన్నవారు కారు. చేలలో కూలి చేసిన దళిత స్త్రీలు. తమిళనాట పాంబను ద్వీపమున 2016 నుండి జాలరులకొరకే 'కడల్ ఓసై' యను రేడియో నడచుచున్నది. దాని పేరునకు సముద్రఘోష యని యర్థము. మన భీమవరమున నొక ఇంజనీరింగు కళాశాల 'రేడియో విష్ణు'ను నడిపినది. లక్నోలో నొక పాఠశాలయే రేడియో పెట్టినది. కాబట్టి నేను ఆకాశమునుండి నక్షత్రమును కోయుమని యడుగుట లేదు. అనుమతి ఢిల్లీనుండి రావలెను, కాగితములు పెక్కు కచేరీలు తిరుగును, ఓపిక కావలెను, అంతే. ఇట్టి కేంద్రములు సొంతముగ రాజకీయ వార్తలు చెప్పరాదు, ఆకాశవాణి వార్తలను మరల వినిపింపవచ్చును. వాతావరణమును, వరదను, గాలివానను గూర్చి చెప్పుట కడ్డులేదు. మనకు కావలసినది అదియే గనుక ఆ నిబంధన నాకు కష్టముగ దోచదు. పైగా ఎన్నికలనాడు మన విద్యార్థులను కాపాడును.

నాతో వాదించిన మిత్రులు ముఖ్యముగ వేయు ప్రశ్న వేరు. 'ప్రతి చేతిలో ఫోనుండగా రేడియో యెవరు విందురు?' అని వారందురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. గాలివానకు రెండు దినముల ముందు ఫోను చేయు మేలును నేను కాదనను. తుపాను దారిలోనున్న మండలములందలి ఫోనులన్నియు ఒక్కసారి మ్రోగునట్లు చేయు పద్ధతియు వచ్చినది. కాని 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ విశాఖపట్టణముపై బడినప్పుడు ఏమైనది? విద్యుత్ స్తంభములు ఒరిగినవి, ఫోను టవర్లు మూగవోయినవి. అంత పెద్ద నగరమున, చేతిలోని యంత్రములు కొన్ని దినములు ఎందుకును కొరగాకుండ నుండెను. ఫోనునకు నిత్యము విద్యుత్తు కావలెను, దగ్గర టవరుండవలెను, ఒక్కమారుగ అందరును మాటలాడినచో దారి మూసికొనిపోవును. రేడియోకు రెండు సెల్లులు చాలును. ఒకడు విన్నను పదివేలమంది విన్నను దానికి భారము లేదు.

అయినను 'రేడియో పెట్టె యెవరి యింట నున్నది?' అనునది నిలిచియే యున్నది. నిజము, చాల యిండ్లలో లేదు. తాతగారి ట్రాన్సిస్టరు అటకమీద తుప్పుపట్టియున్నది. ఫోనులలో రేడియో వినిపించు భాగమును తీసివేయవలదని 2023లో కేంద్రప్రభుత్వము ఫోనులు చేయువారికి సలహా యిచ్చెను, అందులకు చెప్పిన కారణములలో విపత్తులును ఒకటి. అయినను నేను దానిమీద ఆధారపడను. కేంద్రమునకగు వ్యయములో కొంతభాగము పెట్టెలకే కేటాయింపవలెను. ప్రతి తుపాను షెల్టరునకు ఒకటి, ప్రతి రేషను దుకాణమునకు ఒకటి, ప్రతి దేవాలయమునకు, మసీదునకు, చర్చికి ఒకటి, ప్రతి జాలరిపేటలో రెండు. అన్నియిండ్లకు అక్కరలేదు. ఒకచోట విన్నది గొట్టములో చాటువాడుండిన చాలును. బంగ్లాదేశము మనకు నేర్పినది అదియే.

యంత్రముయొక్క లోపములును చెప్పి తీరవలెను. ఎఫ్.ఎం. ప్రసారము చూపు పారినంతవరకే పోవును. నడిసముద్రమునందలి పడవలకు మన 100 వాట్లు అందవు. దూరము పోవునది మీడియం వేవ్. దేశమున పలుచోట్ల పాతబడిన మీడియం వేవ్ యంత్రములను నిలిపివేయుచున్నారు; తీరప్రాంతమున మాత్రము ఆ పని తొందరపడి చేయరాదని నా మనవి. మన స్తంభమును గాలి పడగొట్టవచ్చును. అందులకు ఒక పొట్టి స్తంభమును విప్పి దాచియుంచి, గాలి తగ్గిన గంటలో నిలుపుట విద్యార్థులకు నేర్పవలెను. యంత్రములను నేల అంతస్తులో పెట్టుట శుద్ధ అవివేకము. ఈ పాఠశాలలో నీరు చేరనిది మేడమీది గది యొక్కటే, దానిలో నిప్పుడు విరిగిన బెంచీలున్నవి. జనరేటరునకు నూనె నవంబరులో కొనుట కాదు, సెప్టెంబరులోనే కొని యుంచవలెను.

ఈ రేడియోలో ఏమి చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను? ఇది నాకు మిక్కిలి ఇష్టమైన భాగము గనుక కొంచెము విస్తరింతును. 'నైరుతి బంగాళాఖాతమున కేంద్రీకృతమైన తీవ్ర వాయుగుండము వాయవ్యదిశగా పయనించి బలపడు నవకాశము కలదు' అని వాతావరణ శాఖవారు వ్రాయుదురు. అది శాస్త్రము; అట్లే యుండవలెను. దానిని చేతబట్టుకొని, మన ప్రాంతపు పటమును ముందు పెట్టుకొని, పల్లె పల్లెకు వేరువేరుగ చెప్పవలసినది ఊరి రేడియో. గ్రాంథికమును ప్రేమించువాడనైనను, ఇక్కడ నేను దానిని ప్రక్కకు నెట్టెదను. 'ఏటిమొగ కాడ నీళ్లు పొంగుతున్నాయి. చీకటి పడకముందే బయలెల్లండి. ముసలోళ్లనీ, బాలింతల్నీ ముందు బండెక్కించండి. గొడ్ల పలుపులు విప్పెయ్యండి, కట్టేసి రాకండి. కట్ట మీద నుంచే నడవండి, చేలకడ్డం పడొద్దు.' ఇట్లు చెప్పవలెను. మా తెలుగు పండితులవారికి కష్టము గలిగినచో వారిని మన్నింప వేడెదను. కాని ఆ రాత్రి వ్యాకరణముకంటె పలుపు ముఖ్యము.

పలుపుమాట ఊరక వ్రాయలేదు. జనులు ఇల్లు విడువకపోవుటకు మూఢత్వము కారణమని పట్టణవాసులు తలతురు. అది యన్యాయము. పాడిగేదె యుండును, దానిని విడిచి పోయినచో రేపు అన్నము లేదు. అప్పు తెచ్చి కొన్న వల యుండును. ఇంట కదలలేని తల్లి యుండును. క్రిందటిసారి పరుగెత్తి పోయినప్పుడు గాలివాన ఒరిస్సావైపు తిరిగినది, తిరిగివచ్చి చూచునప్పటికి ఇంట సామాను పోయినది. ఈ నాలుగు కారణములకును వేరువేరు సమాధానములు కావలెను. పశువులను ఏ మెట్టకు తోలవలెనో, వలలను ఎక్కడ దాచవచ్చునో, తల్లిని మోయుటకు ఏ బండి యెన్ని గంటలకు వచ్చునో, ఊరికి కాపలా యెవరో రేడియో చెప్పగలిగినప్పుడు మనుష్యుడు కదలును. గాలివాన తప్పిపోయినప్పుడును రేడియో కట్టివేయరాదు. అది యెందుకు మరలినదో, హెచ్చరిక ఎందుకు చేయవలసివచ్చినదో మరునాడే వివరింపవలెను. లేనిచో 'నాన్నా పులి' కథ మనకే చుట్టుకొనును.

ఆపద గడచిన తరువాత పని యింకను పెరుగును. ఏ బావి నీరు త్రాగవచ్చును, ఏ వంతెన తెగినది, పాముకాటు మందు ఏ యాసుపత్రిలో కలదు, తప్పిపోయిన బిడ్డ ఏ షెల్టరులో నున్నాడు, ఇవి దూరపు కేంద్రములకు పట్టవు. జపానులో 1995లో కోబే నగరమున భూకంపము వచ్చినప్పుడు అక్కడ నివసించు కొరియా, వియత్నాము దేశస్థులకొరకు వారి భాషలలో చిన్న రేడియోలు పుట్టినవి. 2011 మార్చిలో సునామీ వచ్చిన తరువాత సుమారు ముప్పది తాత్కాలిక కేంద్రములు లేచినవి. ఆపదవేళ అనుమతిని నోటిమాటగ నిచ్చు నియమము ఆ దేశమున కలదు. మన రొయ్యల చెరువుల యొద్ద పొరుగు రాష్ట్రముల కూలీలు లేరా? వారికి మన తెలుగు ఎంత తెలియును?

వదంతులను గూర్చియు తల్లిదండ్రులు ఆలోచింపవలెను. 2004 డిసెంబరు 30వ తేదీని మరియొక సునామీ వచ్చుచున్నదని ఢిల్లీనుండి వచ్చిన హెచ్చరిక వలన దక్షిణ తీరమంతట జనులు బెదరి పరుగులెత్తిరి. పిమ్మట దానిని ఉపసంహరించుకొనిరి. ఇప్పుడైతే సర్కారు పొరబాటు కూడ నక్కరలేదు, 'కట్ట తెగినది' అని యెవడో ఫోనులో వ్రాసిన చాలును. అట్టి వేళ కట్టమీద నిలుచున్న మన పాఠశాల పిల్లవాడు, 'నేను కట్ట మీదనే యున్నాను, కట్ట బాగుగనే యున్నది' అని పరిచితమైన గొంతుతో చెప్పినచో పోలీసు ప్రకటనలు పది కలిసినను అంత పని చేయవు.

ఆ పిల్లవాడెవరు? ఈ ప్రశ్నకు నా సమాధానము పాఠశాల యాజమాన్యమువారికి. మంచి ఉచ్చారణ గలదని పట్టణపు బాలురను మైకు ముందు కూర్చుండబెట్టకుడు. జాలరిపేటనుండి వచ్చు బాలికలు ఏటేట మన వక్తృత్వపు పోటీలలో వెనుకబెంచీల కూర్చుందురు. అలల యెత్తును, గాలిపోకను వారు చెప్పునప్పుడు వారి తండ్రులు వినుటకు ఆగుదురు. విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయుడు బారోమీటరును చూపి పాఠము చెప్పుటకు, ప్రతిదినము ఉదయము దానిని చదివి రేడియోలో వినిపించుటకు ఎంత భేదమున్నదో చెప్పనక్కరలేదు. భూగోళ శాస్త్రము వారికి పరీక్షకొరకు గాక పొరుగువానికొరకు నేర్చుకొను విద్య యగును. తీరమునందలి తుపాను షెల్టర్లు కొన్ని బడులుగనే యున్నవి. ఆ బడుల ఉపాధ్యాయులును మనతో చేరవచ్చును.

సింహద్వారమును గూర్చి నాకు ద్వేషము లేదు. అది వాకిట అందముగ నుండును, దానిమీద దాతల పేర్లు చెక్కవచ్చును. రేడియో స్తంభముమీద పేర్లు చెక్కినచో పక్షులు తప్ప చదువువారుండరు. దాతల తృప్తికొరకు కేంద్రపు గది గోడమీద రాయి వేయింతము. స్తంభము, యంత్రము, గది, పెట్టెలు అన్నియు కలిపి కొన్ని లక్షల రూపాయలగును. ద్వారమునకును లక్షలే యగునని విందును. ద్వారమునకు తరువాత ఖర్చు లేదు, రేడియోకు ఏటేట ఖర్చు కలదు, అది నిజము. అందులకు పంచాయతీలును, జాలరుల సహకార సంఘములును, బియ్యపు మిల్లులవారును చందా నీయవలసియుండును. ఇచ్చెదరా యను సందేహము న్యాయమైనదే. అడుగకుండ తేల్చుట మాత్రము న్యాయము కాదు.

అంతవరకు, ఖర్చు లేని పని యొకటి యిప్పుడే చేయవచ్చును. వేసవి సెలవులకు పోవు విద్యార్థులు తమ తమ పల్లెలలో ఇల్లిల్లు తిరిగి ఆరు సంగతులు వ్రాసికొని రావలెను: ఇంట పనిచేయు రేడియో కలదా, నడువలేనివారెందరు, పశువులెన్ని, దగ్గర గట్టి కట్టడము ఏది, దానికి నడచి పోవుటకు ఎంతసేపు పట్టును, 1977లో గాని 1990లో గాని నీరు ఆ యింట ఎంతయెత్తు వచ్చినది. చివరి ప్రశ్నకు ఉత్తరము ఇంట ముసలివారు గోడమీద చేయిపెట్టి చూపుదురు. టేపుతో కొలిచి అంకె వేసికొనుడు. అచ్చు కాగితములు ఎనిమిదవ తరగతి గదిలోని బీరువాలో నున్నవి. పాఠశాల తెరచిన మొదటి వారములో వానిని తిరిగి ఇచ్చివేయవలెను.